హాట్ టబ్ తెరమీద కోడ్ వెలిగితే: హీటర్, సెన్సార్ లోపాన్ని వరుసగా పట్టుకునే పద్ధతి

ఒడిశాలో గోపాల్‌పూర్ తీరంలోని రిసార్టు కానివ్వండి, బరంపురంలో హోటల్ మేడ కానివ్వండి, కోరాపుట్ కొండల మీది విడిది కానివ్వండి, హాట్ టబ్ చూసుకునేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటే. తెరమీద ‘ఓహెచ్‌హెచ్’ అని వెలగగానే హీటర్ కాలిపోయిందని తేల్చేసి కొత్తది తెప్పిస్తారు. అది బిగించాక కూడా అదే కోడ్ వస్తుంది. కారణం చాలాసార్లు ఫిల్టర్‌లో పేరుకున్న మట్టే.

కోడ్ పాడైన భాగం పేరు చెప్పదు. టబ్‌ను నడిపే సర్క్యూట్ బోర్డుకు ఏం కనబడిందో మాత్రమే చెబుతుంది. ‘హీటర్ దగ్గర నీళ్లు 48 డిగ్రీలు దాటాయి’ అన్నది బోర్డుకు కనబడిన సంగతి. నీళ్లు కదలక వేడెక్కాయా, సెన్సార్ తప్పుగా కొలిచిందా, రిలే (హీటర్‌కు కరెంటు కలిపి తెంచే స్విచ్) అతుక్కుపోయి హీటర్ ఆగడం లేదా అన్నది మనం వెతికి తేల్చాలి. ఆ వెతుకులాటకు ఒక వరుస ఉంది: ముందు నీళ్లు, తర్వాత సెన్సార్, చివర హీటర్. ఖర్చు లేని పరీక్షలన్నీ ముందే అయిపోతాయి కాబట్టి ఈ వరుస తప్పొద్దు.

మూత విప్పే ముందు

ప్యానెల్ మీది స్విచ్ ఆపితే సరిపోదు. టబ్‌కు వచ్చే లైన్‌లో ఫేజు, న్యూట్రల్ రెండూ తెగేలా డబుల్ పోల్ ఐసోలేటర్ ఆపి, తాళం వేసి, తాళం చెవి జేబులో పెట్టుకోండి. తాళం వేసే వీలు లేకపోతే ఎంసీబీ దగ్గర మనిషిని నిలబెట్టండి. ఆ తర్వాత హీటర్ టెర్మినళ్ల మధ్య, ఒక్కో టెర్మినల్‌కూ ఎర్త్‌కూ మధ్య మల్టీమీటర్‌తో సున్నా వచ్చిందో లేదో చూడండి. టెస్టర్ లైటు వెలగలేదని చెయ్యి పెట్టొద్దు. పంపు కెపాసిటర్‌లో ఛార్జి మిగిలి ఉంటుంది, దాని తీగలు ముట్టుకోవద్దు.

లైన్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్) లేకపోతే ముందు అది పెట్టించండి, కోడ్ సంగతి ఆ తర్వాత. తడి ఒంటితో మనుషులు కూర్చునే నీళ్లలోకి కరెంటు హీటర్ పెడుతున్నాం. ఆర్‌సీసీబీ పదేపదే పడిపోతోందని దాన్ని తప్పించి నేరుగా కలిపే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది ప్రాణం తీస్తుంది.

కోడ్‌ను పూర్తిగా చదవండి

మొబైల్‌తో తెరను పది సెకన్లు వీడియో తీయండి. కోడ్ ఒక్కటే మెరుస్తోందా, లేక ఉష్ణోగ్రతతో మార్చి మార్చి వస్తోందా అన్నది ముఖ్యం. బాల్బోవా కంపెనీ బోర్డుల్లో సెన్సార్ కోడ్ ఉష్ణోగ్రతతో మారుతూ వస్తే అది తాత్కాలికం కావచ్చు. ఒక్కటే మెరుస్తుంటే టబ్ ఆగిపోయినట్టు. తెర ఫారన్‌హీట్‌లో ఉందా, సెల్సియస్‌లో ఉందా కూడా చూడండి. తెరమీద 104 కనిపిస్తే అది 40 డిగ్రీలే.

తర్వాత బోర్డు పెట్టె మీద కంపెనీ పేరు చూడండి. ఎక్కువగా కనిపించేవి బాల్బోవా, గెకో. ఒకే అక్షరాలకు రెండింట్లో అర్థం వేరు కావడం వల్ల, ఒకదాని పట్టిక చూసి ఇంకోదాన్ని బాగుచేయబోతే రోజంతా వృథా.

బాల్బోవాలో ‘ఓహెచ్‌హెచ్’ అంటే హీటర్ గొట్టంలోని సెన్సార్ సుమారు 48 డిగ్రీలు చూసింది. ‘ఓహెచ్‌ఎస్’ అంటే టబ్ నీళ్లే 43 డిగ్రీలకు చేరాయి. ‘హెచ్‌ఎఫ్‌ఎల్’ అంటే రెండు సెన్సార్ల మధ్య తేడా ఎక్కువగా ఉంది, ప్రవాహం తగ్గినట్టుంది. అదే 24 గంటల్లో ఐదోసారి వస్తే ‘ఎల్‌ఎఫ్’గా మారుతుంది. అప్పుడు హీటర్ ఆగిపోతుంది, మిగతావి నడుస్తాయి. ‘డీఆర్’ అంటే హీటర్‌లో నీళ్లు చాలలేదని అనుమానం. టబ్ 15 నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. మూడోసారికి ‘డీఆర్‌వై’ పడుతుంది, ఇక తనంతట తాను మొదలవదు. ‘ఎస్‌ఎన్‌ఏ’, ‘ఎస్‌ఎన్‌బీ’ (పాత బోర్డుల్లో ‘ఎస్‌ఎన్1’, ‘ఎస్‌ఎన్3’) ఒక్కో సెన్సార్ పనిచేయడం లేదని చెబుతాయి. ‘ఎస్‌ఎన్‌ఎస్’ అంటే రెండూ పొంతన లేని లెక్కలు ఇస్తున్నాయి.

గెకోలో ‘హెచ్‌ఎల్’ హీటర్ దగ్గరి 48 డిగ్రీలకు, ‘ఓహెచ్’ టబ్ నీటి 42 డిగ్రీలకు గుర్తు. ‘ఎఫ్‌ఎల్‌ఓ’ అంటే పంపు తిరుగుతున్నా నీళ్లు కదిలిన జాడ లేదు. ‘పీఆర్‌ఆర్’ ఉష్ణోగ్రత సెన్సార్ తేడా. ‘ఏఓహెచ్’ అంటే టబ్ చుట్టూ ఉన్న పలకల లోపల, యంత్రాలున్న గదిలో గాలి మరీ వేడెక్కింది. ‘హెచ్‌ఆర్’ బోర్డు లోపలి లోపం, దాంతో కుస్తీ పట్టకుండా బోర్డు మార్చడం మేలు.

మొదట నీళ్లు

వేడి కోడ్, ప్రవాహం కోడ్, పొడి కోడ్ ఏది వచ్చినా పని ఇక్కడే మొదలుపెట్టాలి.

నీటిమట్టం స్కిమ్మర్ (పైనీళ్లను ఫిల్టర్‌లోకి లాగే భాగం) నోటికి సగం పైన ఉందా చూడండి. ఫిల్టర్లు బయటికి తీసి, అవి లేకుండానే పది నిమిషాలు నడపండి. మనుషులు టబ్‌లో ఉండగా ఇది చేయొద్దు, తెరిచిన గొట్టం జుట్టునూ బట్టనూ లాగేస్తుంది. కోడ్ పోతే దోషం ఫిల్టర్‌దే. పైప్ నీళ్లతో మడతల మధ్య కడిగి, ఒళ్లు నూనె, సన్‌స్క్రీన్ జిడ్డు పోవడానికి ఫిల్టర్ క్లీనర్‌లో రాత్రంతా నానబెట్టండి. ప్రెషర్ వాషర్ పెడితే బట్ట చిరుగుతుంది. తీరంలో సన్నటి ఇసుక మడతల్లో ఇరుక్కుంటుంది కాబట్టి వారానికోసారి కడిగినా ఏడాదికి మించి ఆ ఫిల్టర్‌ను నమ్మకండి.

కోడ్ పోకపోతే పంపుకు రెండు వైపులా ఉన్న గేట్ వాల్వులు పూర్తిగా పైకి లేచాయా చూడండి. రిపేరుకు మూసి సగమే తెరిచి మరిచిపోవడం మామూలే.

నీళ్లు మార్చిన మర్నాడు కోడ్ వస్తే గాలి పట్టేసిందని అనుమానించండి. పంపు మోగుతుంది కానీ జెట్‌లో బలం ఉండదు. కరెంటు ఆపి, పంపు పైభాగంలో పైపును కలిపే యూనియన్‌ను పావు చుట్టు వదులు చేస్తే బుస్సుమని గాలి పోయి నీళ్లు వస్తాయి, వెంటనే బిగించండి. మళ్లీసారి పైపును ఫిల్టర్ గుంటలో పెట్టి నింపండి. గొట్టాల్లోంచి నీళ్లు పైకి వస్తాయి కాబట్టి గాలి చిక్కుకోదు.

ప్రవాహం తగ్గితే ఎందుకు వేడి కోడ్ వస్తుందో ఒక లెక్క చెబుతుంది. 3 కిలోవాట్ల హీటర్ గుండా నిమిషానికి 100 లీటర్లు పోతే నీళ్లు అర డిగ్రీ లోపే వేడెక్కుతాయి. ప్రవాహం 10 లీటర్లకు పడిపోతే అదే హీటర్ వాటిని 4.3 డిగ్రీలు పెంచుతుంది. హీటర్‌కు రెండు చివర్లా సెన్సార్లున్న బాల్బోవా బోర్డులు ఈ తేడాను చూసే నీటి ప్రవాహాన్ని కనిపెడతాయి. అందుకే వాటిలో ఫ్లో స్విచ్ ఉండదు, లేదని వెతకొద్దు. ఫ్లో స్విచ్ లేక ప్రెషర్ స్విచ్ ఉన్న టబ్‌లో మాత్రం పంపు ఆపినప్పుడు అది తెరుచుకోవాలి, నడిచినప్పుడు మూసుకోవాలి. మీటర్ ఓము మోడ్‌లో పెట్టి, స్విచ్ తీగలు బోర్డు నుంచి ఊడదీసి చూడండి. స్విచ్‌ను తీగతో కలిపేసి టబ్ నడపడం మాత్రం ఎప్పుడూ చేయకండి. హీటర్ పొడిగా ఉండి కాలకుండా కాపాడేది అదే.

వాడిన టబ్‌ను అమెరికా వైపు నుంచి దిగుమతి చేసుకున్నవాళ్లకు ఇంకో మాట. అక్కడి పంపు 60 హెర్ట్జ్‌కు చేసినది. మన 50 హెర్ట్జ్‌లో ఆరింట ఐదొంతుల వేగమే తిరుగుతుంది. ఫిల్టర్ కొంచెం మురికైతే చాలు, హెచ్‌ఎఫ్‌ఎల్ వచ్చేస్తుంది.

తర్వాత సెన్సార్

సెన్సార్ లోపల ఉండేది ఎన్‌టీసీ థర్మిస్టర్. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధకత తగ్గుతుంది. బాగా వాడుకలో ఉన్న 10 కిలోఓముల రకం (బీటా 3950) ఇలా చూపించాలి: 20 డిగ్రీల దగ్గర 12,500 ఓములు, 25 దగ్గర 10,000, 30 దగ్గర 8,000, 35 దగ్గర 6,500, 40 దగ్గర 5,300, 45 దగ్గర 4,350. కొన్ని కంపెనీల సెన్సార్ల మూల విలువ వేరు. అప్పుడు పట్టిక కన్నా పోలిక నమ్మదగినది. ఒకే నీటిలో ముంచిన రెండు సెన్సార్లు దాదాపు ఒకే అంకె చూపాలి. ఒకటి 5,300, రెండోది 7,000 అయితే తప్పు ఎక్కడో తెలిసిపోయినట్టే.

పరీక్ష ఇలా చేయండి. సెన్సార్ ప్లగ్గును బోర్డు నుంచి పీకండి. పీకకుండా కొలిస్తే బోర్డు సర్క్యూట్ కూడా కలిసి అంకె తప్పు వస్తుంది. మీటర్ 20 కిలోఓముల రేంజిలో పెట్టండి. ఒక స్టీలు గ్లాసులో వేణ్నీళ్లు, చన్నీళ్లు కలిపి 40 డిగ్రీలకు తెచ్చి, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్‌తో కొలిచి, సెన్సార్ కొనను మూడు నిమిషాలు ముంచండి. తర్వాత ఐసు నీళ్లలో ముంచండి, 10 కిలోఓముల రకం 30 వేల ఓములు దాటాలి, అందుకు మీటర్ రేంజి పెంచండి. అంకె మెల్లగా, ఆగకుండా కదలాలి. గెంతుతూ కదిలితే లోపల తీగ తెగబోతోంది. మీటర్ ‘ఓఎల్’ అంటే తెగింది, సున్నాకు దగ్గరైతే లోపల కలిసిపోయింది.

ఇక సముద్రపు ఒడ్డున అసలు చిక్కు సెన్సార్‌లో ఉండదు, ప్లగ్గులో ఉంటుంది. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు ఉప్పుగాలికి కొత్త సెన్సార్లు అన్యాయంగా చెత్తబుట్టలో పడుతున్నాయి.

ప్లగ్గు పిన్నుల మీద పచ్చటి చిలుము పడితే తీగ దారిలో అదనపు నిరోధకత చేరుతుంది. నీళ్లు నిజంగా 40 డిగ్రీలున్నప్పుడు సెన్సార్ 5,300 చూపాలి. చిలుము ఇంకో 1,000 ఓములు కలిపితే బోర్డుకు 6,300 కనబడుతుంది. అంటే నీళ్లు 36 లోపే ఉన్నాయనుకుని బోర్డు హీటర్ నడుపుతూనే ఉంటుంది. తెరమీద 36, తొట్టిలో 40. అతిథి కాలు పెట్టి కాలిందంటాడు, తెర మాత్రం సవ్యంగానే కనబడుతుంది. ఏ కోడూ రాకపోవచ్చు కాబట్టి ఇదే అన్నిటికన్నా ప్రమాదకరం.

తడి చేరితే దీనికి తలకిందులు. పిన్నుల మధ్య ఉప్పుతడి 50 కిలోఓముల దారి వేస్తే, 5,300 కాస్తా 4,800 అవుతుంది. బోర్డుకు నీళ్లు 42.5 డిగ్రీలుగా కనబడతాయి. ఇంకా వేడెక్కకుండానే హీటర్ ఆగిపోతుంది, ఇంకొంచెం తడి పడితే బాల్బోవాలో ఓహెచ్‌ఎస్ వస్తుంది. వాన పడిన మర్నాడు కోడ్ వచ్చి, ఎండ కాశాక పోతే తడిదే తప్పు.

రెండింటికీ మందు ఒకటే. ప్లగ్గు పీకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి మళ్లీ కొలవండి. అంకె సరిపడితే సెన్సార్ మంచిదే. డైఎలక్ట్రిక్ గ్రీజు పలచగా పూసి బిగించండి. మామూలు గ్రీజు, కొబ్బరినూనె పనికిరావు.

సెన్సార్ మంచిదే, ప్లగ్గు శుభ్రంగానే ఉంది, అయినా ఎస్‌ఎన్‌ఎస్ వస్తోందంటే కొన సరిగ్గా కూర్చోలేదేమో చూడండి. బావిలాంటి గొట్టంలోకి దూర్చే రకమైతే చివరిదాకా పోవాలి. సగంలో ఆగితే నీటి వేడి కాదు, గాలి వేడి కొలుస్తుంది. మార్చాల్సివస్తే రెండూ ఒకేసారి, ఒకే పార్టు నంబరువి మార్చండి.

చివర హీటర్

హీటర్ చుట్టను రెండు అంకెలతో తేల్చవచ్చు. మొదటిది చుట్ట నిరోధకత. తీగలు ఊడదీసి కొలవండి. వోల్టేజీని వోల్టేజీతో గుణించి వాట్లతో భాగిస్తే రావలసిన ఓములు వస్తాయి: 230 వోల్టుల 2 కిలోవాట్లకు 26.5 ఓములు, 3 కిలోవాట్లకు 17.6. చుట్ట మీద ‘5.5 కిలోవాట్లు, 240 వోల్టులు’ అని ఉంటే 10.5 ఓములు రావాలి. అది 230 వోల్టుల్లో 5 కిలోవాట్లకే సరిపోతుంది, అది లోపం కాదు. అనంతం చూపిస్తే చుట్ట తెగింది.

రెండోది ఎర్త్ లీకేజీ. బోర్డు వైపు తీగలు రెండూ విప్పకుండా మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) కొడితే బోర్డు చచ్చిపోతుంది, కాబట్టి ముందు విప్పండి. 500 వోల్టుల మెగ్గర్‌తో చుట్టకూ స్టీలు గొట్టానికీ మధ్య ఒక మెగాఓము దాటాలి. చాలాకాలం వాడకుండా ఉన్న చుట్ట తేమ పీల్చి తక్కువ చూపవచ్చు, ఎండలో ఆరబెట్టి మళ్లీ కొలవండి. అప్పటికీ తక్కువే ఉంటే తొడుగుకు బీట పడింది, చుట్ట మార్చాల్సిందే. హీటర్ మొదలుకాగానే ఆర్‌సీసీబీ పడిపోవడానికి మూలం చాలాసార్లు ఇదే.

చుట్ట ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది వేయకండి. తెల్లటి గార మందంగా ఉంటే బోరు నీళ్ల కాఠిన్యం కారణం. గార వేడిని బయటికి పోనివ్వదు, చుట్ట లోపల మాడిపోతుంది. సన్న రంధ్రాలు, గుంటలు పడి ఉంటే నీటి పీహెచ్ తక్కువై తొడుగును తినేసింది. నల్లగా మాడి వంగితే నీళ్లు లేకుండా కాలింది. పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య, మొత్తం ఆల్కలినిటీ 80 నుంచి 120 పీపీఎం మధ్య, కాల్షియం కాఠిన్యం 150 నుంచి 250 మధ్య ఉంచండి. బోరు నీరు 400 చూపిస్తే సగం సాఫ్ట్‌నర్ నీళ్లో, శుభ్రంగా పట్టిన వాననీళ్లో కలపడం తేలిక.

తీగలు బిగించేటప్పుడు టెర్మినల్ కింది నట్టును ఒక స్పానర్‌తో పట్టుకుని, పై నట్టును రెండో దానితో బిగించండి. ఒక్క స్పానర్‌తో తిప్పితే లోపలి కడ్డీ మెలితిరిగి విరుగుతుంది. వదులుగా వదిలేసినా ముప్పే, అక్కడ వేడెక్కి బోర్డుదాకా మాడుతుంది.

ఓహెచ్‌హెచ్ మళ్లీ మళ్లీ వస్తూ, ప్రవాహమూ సెన్సార్లూ బాగుంటే రిలే అతుక్కుందేమో చూడండి. తెర మీద ఉష్ణోగ్రత కోరిన అంకెకన్నా ఎక్కువున్నా టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటర్) హీటర్ తీగలో 13 ఆంపియర్లు (3 కిలోవాట్లకు) చూపిస్తే రిలే మూసుకుపోయి ఉంది. వెంటనే ఐసోలేటర్ ఆపండి. ఆ బోర్డును రిలే మార్చేదాకా వాడొద్దు.

వోల్టేజీ తగ్గితే

కోడ్ ఏదీ లేదు, నీళ్లు మాత్రం వేడెక్కడం లేదన్న ఫిర్యాదుకు రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ముందు వోల్టేజీ కొలవండి, అదీ హీటర్, పంపు రెండూ నడుస్తున్నప్పుడు. హీటర్ ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 230కి బదులు 180 వోల్టులొస్తే వేడి 61 శాతానికి పడిపోతుంది. 1,200 లీటర్ల టబ్‌ను 3 కిలోవాట్ల హీటర్ గంటకు 2.15 డిగ్రీలు పెంచాలి, 180 దగ్గర 1.3 మాత్రమే పెంచుతుంది. 25 నుంచి 38 డిగ్రీలకు ఆరు గంటలు పట్టేది పది గంటలవుతుంది, మూత వేయకపోతే ఇంకా ఎక్కువ. సాయంత్రం ఆరుకి అతిథి వస్తే పొద్దున్నే వేయాలి, రిపేరు అవసరం లేదు.

తగ్గుదల మన తీగలోనే జరగవచ్చు. ప్యానెల్ నుంచి కాటేజీకి 60 మీటర్లు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగితే, హీటర్, పంపు కలిపి 22 ఆంపియర్లకు సుమారు 20 వోల్టులు దారిలోనే పోతాయి. 6 చదరపు మిల్లీమీటర్లదైతే 8 వోల్టులు. జనరేటర్ మీద నడిపేటప్పుడు ఫ్రీక్వెన్సీ పడిపోయి పంపు నెమ్మదించినా హెచ్‌ఎఫ్‌ఎల్ వస్తుంది.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తీరం దాటిన గోపాల్‌పూర్ ప్రాంతంలో తుపాను సన్నాహం కొత్త కాదు. హెచ్చరిక రాగానే టబ్ ఐసోలేటర్ ఆపండి. తుపాను తర్వాత కరెంటు వచ్చినా, వోల్టేజీ నిలకడైందని చూసి, ప్లగ్గుల్లో ఉప్పుతడి ఆర్చి, నీటిమట్టం చూశాకే వేయండి.

మండుటెండ, కొండ చలి

ఏప్రిల్, మే నెలల్లో హీటర్ ఆగి ఉన్నా ఓహెచ్‌ఎస్ రావచ్చు. ఎండ 40 దాటినప్పుడు, మూసిన మూత కింద నీళ్లు చల్లారే దారి ఉండదు, పైగా పంపు వేడి కలుస్తుంది. మూత తీసి నీడ కల్పించండి, ఫిల్టర్ నడిచే వేళను రాత్రికి మార్చి తగ్గించండి, పలకల గాలి రంధ్రాలకు అడ్డు తీయండి. ఏఓహెచ్‌కూ ఇదే మందు.

‘ఐసీఈ’ కోడ్ నీళ్లు గడ్డకట్టే ప్రమాదమని చెబుతుంది. హీటర్ దగ్గర 6.7 డిగ్రీలకు దిగితే బాల్బోవా పంపులు నడుపుతుంది. దారింగ్‌బాడిలో, కోరాపుట్ కొండల్లో చలికాలపు రాత్రి హీటర్ ఆపి ఉంటే ఇది నిజం కావచ్చు, టబ్‌ను ఆపకుండా వదిలేయండి. గోపాల్‌పూర్‌లో ఐసీఈ కనిపిస్తే చలి కాదు, సెన్సార్ దారిలో చిలుము.

రీసెట్, విడి సామాను

వేడి కోడ్ వస్తే మూత తీసి చల్లారనివ్వండి. బాల్బోవా సుమారు 42 డిగ్రీలకు దిగాక, ఏదైనా బటన్ నొక్కితే మొదలవుతుంది. గెకో హెచ్‌ఎల్‌కు కరెంటు ఆపి వేయాలి. కారణం వెతక్కుండా ఒకే పూట రెండుసార్లకు మించి రీసెట్ చేయవద్దు.

విడిభాగాలు విశాఖ నుంచో హైదరాబాద్ నుంచో రావాలి కాబట్టి ఒక డబ్బాలో ఇవి ఉంచుకోండి: సెన్సార్ జత, ఫిల్టర్లు, యూనియన్ ఓరింగులు, హీటర్ గ్యాస్కెట్లు, ఆ బోర్డుకు సరిపడే ఫ్యూజులు, కాంటాక్ట్ క్లీనర్, డైఎలక్ట్రిక్ గ్రీజు, పీహెచ్ పట్టీలు. బోర్డు పార్టు నంబరు, హీటర్ వాట్లు, సెన్సార్ తీగ పొడవు ఫొటో తీసి మొబైల్‌లో పెట్టుకోండి. మంచి రోజున సెన్సార్ల ఓములు కొలిచి రాసిపెడితే, చెడ్డ రోజున పోల్చుకోవడానికి అదే పట్టిక.

రాత్రి డ్యూటీ కుర్రాళ్లు ఎక్కువగా ఒడియా మాట్లాడతారు. పంపు గది తలుపు మీద ఒడియాలోనూ తెలుగులోనూ మూడు మాటలు అంటించండి: ఏ కోడ్ వచ్చింది, ఎన్ని గంటలకు వచ్చింది, అప్పుడు పంపు నడుస్తోందా లేదా. అది రాసి, ఐసోలేటర్ ఆపి, మనుషుల్ని బయటికి పంపమని చెప్పండి. బటన్లు నొక్కమని చెప్పకండి.